పియానోకు కాపలా

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో మా మామయ్య ఫ్లాటుకు ఎవరెళ్ళినా చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు హాల్లోకి రావాలి. హాల్లో పియానో ఉంది.

మామయ్యకు పియానో రాదు. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న సికింద్రాబాదు కుటుంబమొకటి అమ్ముతుంటే కొన్నాడు. పాత సినిమాల్లో హీరో సూటు వేసుకుని పియానో ముందు కూర్చుంటే హీరోయిన్ మెట్లు దిగి వస్తుందే, ఆ మోజు. కొన్న మర్నాటికే మోజు తీరి బాధ్యత మొదలైంది. ‘వాయించడానికేముందిరా, ఎవడైనా వాయిస్తాడు, చూసుకునేవాడేడీ?’ అంటాడు. ఈ జబ్బు మా వంశంలోనే ఉంది. మా ఇంట్లో టీవీ రిమోటు మీద ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ అలాగే ఉంది, అంకెలు కనబడవు.

‘సుమారు 230 తీగలు. అన్నిటి లాగుడూ కలిపితే 18 టన్నుల పైమాటే. ఇనుప చట్రం ఆపుతోంది కాబట్టి సరిపోయింది’ అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. గ్యాసు బండ తెచ్చిన కుర్రాడు బండ భుజాన ఉండగానే పూర్తిగా విన్నాడు.

2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు అమీర్‌పేటంతా సెల్ఫీలు దిగింది. మామయ్య మాత్రం గ్లాసు నిండా నీళ్ళు పోసి, రైలు వెళ్ళినప్పుడల్లా అలలొస్తున్నాయేమోనని చూశాడు. గ్లాసు పియానో మీద పెట్టడం మహాపాపం కాబట్టి పక్కన స్టూలు మీద పెట్టాడు.

అసలు శత్రువు తేమ. వానాకాలంలో లోపలి చెక్క ఉబ్బి శ్రుతి పెరుగుతుంది, ఎండాకాలంలో ఎండి దిగిపోతుంది. అందుకని జూన్ రాగానే హాల్లో తడి బట్టలు ఆరేయకూడదు, వంటింటి తలుపు తీసి కుక్కరు పెట్టకూడదు. ఎవరు కొత్త చెప్పులు కొన్నా డబ్బాలో ఉండే సిలికా జెల్ పొట్లం ఈయనకు చేరాలి. హ్యామర్లకుండే ఉన్ని ఫెల్టును పురుగు తినకుండా కలరా ఉండలు సరేసరి. పక్కన కూర్చుంటే పెళ్ళి పట్టుచీరల బీరువాలో కూర్చున్నట్టుంటుంది. అడుగున చిన్న బల్బు కూడా వెలగాలి, ఆ వెచ్చదనానికి చెమ్మ పోతుందని. ఇప్పుడా పాతరకం వేడెక్కే బల్బులు దొరకడం కష్టమైంది. కొట్టువాడు ‘ఎల్‌ఈడీ తీసుకోండి సార్, అస్సలు వేడెక్కదు’ అన్నాడట. ‘వేడెక్కడానికేనయ్యా అడుగుతోంది!’ అని మామయ్య అరిచిన అరుపుకు పక్కనున్న జావా కోచింగ్ పిల్లలు వెనక్కి తిరిగి చూశారట.

‘నాకు మోకాళ్ళు పట్టేస్తే కొబ్బరినూనె రాసుకోమంటారు. దానికి మాత్రం చెన్నై నుంచి మనిషి!’ అంటుంది అత్తయ్య. నిజమే, ట్యూనరు చెన్నై నుంచే వస్తాడు. మామయ్య కూడా చెన్నై వెళ్తే మెరీనా చూడడు. 1842లో మొదలైన వాద్యాల దుకాణం, మౌంట్ రోడ్డులోని మ్యూసీ మ్యూజికల్ చూసి వస్తాడు.

ఇక మా పాప సంగతి. ఆరేళ్ళ పిల్ల, ముచ్చటపడింది. మామయ్య దాని చేతులు కడిగి, వేలు వేలూ తుడిచి, ‘ఒక్కటి నొక్కు. తెల్లది’ అన్నాడు. నొక్కింది. ఈయన కళ్ళు మూసుకుని విని, ‘శ్రుతి దిగిపోయింది’ అని మూత వేసేసి చెన్నైకి ఫోన్ చేశాడు. తన వల్లే దిగిందనుకుని పిల్ల ఇంటికొచ్చేదాకా ఏడ్చింది. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

ట్యూనరు వచ్చాడు. మేకులు బిగించి, తీగ కుదురుకోవాలని మెట్లను గట్టిగా మోదుతుంటే మామయ్య దెబ్బ దెబ్బకూ తానే తిన్నట్టు ముడుచుకుపోయాడు. పని అయ్యాక ట్యూనరు కాసేపు ఓ పాత సినిమా పాట వాయించాడు. అత్తయ్య స్టవ్ కట్టేసి వచ్చి నిలబడింది. మామయ్య కూడా నోరెత్తలేదు. తేమ మీటరు చూడటం కూడా మరిచిపోయాడు. ఆ కాసేపూ ఆయన మీద నాకు కోపం లేదు.

వెళ్తూ వెళ్తూ ట్యూనరు ‘రోజూ వాయిస్తుండండి సార్, ఊరికే ఉంచితే మెట్లు బిగుసుకుపోతాయి’ అన్నాడు. మర్నాటి నుంచి తెల్లవారి ఆరింటికి మామయ్య మొత్తం 88 మెట్లనూ ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్ళి, మళ్ళీ కుడి నుంచి ఎడమకు వస్తున్నాడు. కింది హాస్టల్లో రాత్రంతా చదివి పడుకున్న కుర్రాడొకడు నాలుగు రోజులు ఓర్చుకుని పైకొచ్చాడు.

‘అంకుల్, మ్యూజిక్ నేర్చుకుంటున్నారా?’

‘లేదు బాబూ, సర్వీసింగ్’ అన్నాడు మామయ్య. ‘చెప్పులు బయట విడిచి రా.’