గుర్రపుడెక్క పోషకులకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ మా కాలనీ ఉద్యానవన సంఘాధ్యక్షుల వారి సముఖమునకు, తోట యెదుటి యింట కాపురముండు పింఛనుదారు డొకడు నమస్కారపూర్వకముగా వ్రాసికొను విన్నపము.

అయ్యా, మీరు మా తోటను పెంచుచున్నారని ఇన్నాళ్లును నేను పొరబడితిని. మొన్న మృగశిర కార్తె ప్రవేశించిన దినమున, పడమటి దిక్కున కారుమబ్బులు క్రమ్ముకొని వచ్చుచుండగా, మీ యాజ్ఞానుసారముగా మాలి యూరియా సంచి విప్పి, పచ్చికమీదను, కాలిబాటమీదను, మోరీ జాలీమీదను పక్షపాత మించుకయు లేక చల్లుటయు, గంట తిరుగకుండ కురిసిన వాన దాని నంతయు కడిగి యీడ్చుకొని పోవుటయు వసారాలో కూర్చుండి కన్నులార చూచిన పిమ్మట నాకు జ్ఞానోదయమైనది. మీరు సాకుచున్నది మా తోటలోని గడ్డిని కాదు, హుస్సేన్‌సాగరములోని గుర్రపుడెక్కను.

దీనిని నిందగా తలపవలదు. దక్షిణ అమెరికానుండి వచ్చిన పరదేశి మొక్కకు ఇంత శ్రద్ధతో అన్నదానము చేయు దాతలు అరుదు. నూరు కిలోల యూరియాలో 46 కిలోలు నత్రజనియే. అది నీట పడిన యుప్పువలె కరగిపోవును. గడ్డివేరు దానిని పీల్చుకొనుటకు కొంత వ్యవధి కావలయును గాని వానకు అంత యోపిక లేదు. మరుగుదొడ్డి నీటికైనను దారిలో శుద్ధి కర్మాగారమన్న యొక సుంకపు చావడి యుండుట కలదు; వాననీటి మోరీకి ఆ బెడద లేదు. మోరీనుండి పిల్లకాలువ, పిల్లకాలువనుండి కూకట్‌పల్లి నాలా, నాలానుండి సాగరము: మీ యెరువు రాచబాటన పోయి గమ్యము చేరును. 1562 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్‌షా యేలుబడిలో ఆ చెరువు కట్టించిన హుస్సేన్ షా వలీ, మన తోట ఖర్చు పుస్తకమును ముందుగా చూచియుండిన యెడల కట్ట నింకను ఎత్తుగా పోయించి యుండునేమో!

ఇక ఎండుటాకుల విషయమున మీ ప్రజ్ఞ అనుపమానము. తెల్లవారకమునుపే ఆకుల నూదు యంత్రము రొద ప్రారంభించును. కానుగాకులు, నిద్రగన్నేరు రెబ్బలు, కోసిన గడ్డి తుంపులు అన్నియు మోరీ నోటికడ కుప్పపడును. తోట అద్దమువలె మెరయును. ఆకు నీట నానినచో తేయాకువలె సారము దిగునని మా యింటి కషాయపు గిన్నె నాకు నేర్పినది. ఆ సారములోని భాస్వరమును త్రాగి నాచు బలియును. బలిసిన నాచు చచ్చి క్రుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకొనిపోవును. వేకువజామున చేపలు నీటిపైకి నోళ్లు చాపి రొప్పును. మృగశిరనాడు ఊరంతయు చేపల కొరకు బజారున త్రొక్కులాడు నగరమున, అదే కార్తెలో చేపల యూపిరి తీయుటకు పథకము వేయుట సామాన్యుల బుద్ధికి తట్టునా? కాలిబాట పగుళ్లలో కలుపుమందు కొట్టి, మరునాడే పైపుతో ఆ బాటను కడిగించుట గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇప్పటి మాలికి పూర్వమున్న ముసలి మాలి, పాలమూరువాడు, ఈ విద్యలేవియు నెరుగడు. ఎరువు చేత పట్టక మునుపు ఆకాశమువంక చూచెడివాడు. మబ్బున్న యెడల సంచి మూతి కట్టివేసెడివాడు. బాటమీద రాలిన గుళికలను చీపురుతో తిరిగి పచ్చికలోనికి ఊడ్చెడివాడు. కోసిన గడ్డిని అక్కడనే పరచి, దానినే దానికి తిండిగా పెట్టెడివాడు. పాదులను బాటకన్న రెండు వ్రేళ్లు పల్లముగా నుంచుటచే వాననీరు వానిలో ఇంకెడిదే కాని మట్టిని వెంటబెట్టుకొని వీధిన పడెడిది కాదు. మోరీ ప్రక్కన మూరెడు వెడల్పున గడ్డిని కోయక విడిచిపెట్టగా, చూచినవారు సోమరితన మనిరి. ఆ గడ్డి వడపోత గుడ్డవలె పనిచేసినదని నాకు ఇప్పుడు తెలియుచున్నది. రాలిన యాకులన్నియు తోట వెనుకటి గుంటలో పోసెడివాడు. అవి క్రుళ్లి నల్లని పొడియెరువై, అడిగినవారికెల్ల దోసెడు దొరకెడిది.

ఆ గుంటను మీరు పూడ్పించినది, వాసన వచ్చుచున్నదని ఒక గృహస్థుడు సంతకము చేసి యిచ్చిన ఫిర్యాదు పైననే. ఆ గృహస్థుడను నేనే. వాసన వచ్చినమాట నిజమే. రెండు గంపల మట్టి పైన కప్పిన పోవునట్టిదని వృద్ధుడు చెప్పినను నేను వినలేదు. ఆ నెలలోనే అతనిని పనినుండి తొలగించిరి.

ఈ లేఖ వ్రాయుచుండగా గేటుకడ మరియొక సంచి దిగుచున్నది. పడమట మబ్బు పట్టినది. కావున, నా పాత ఫిర్యాదు మీ దస్త్రములలో నింకను నిలిచియున్న యెడల, దానిని నాకు తిరిగి ఇప్పింప ప్రార్థన. సంచిని మాత్రము ఈ సాయంకాలము మా వసారాలో దాచుకొన నిండు.

ఇట్లు,
విధేయుడు,
తోట యెదుటి యింటివాడు