నార్మలా, పవరా? (టీకా తాత్పర్య సహితం)

మూలం:
"అన్నా, నార్మలా పవరా? జీరో చూస్కో!"

అవతారిక: పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడి దగ్గర పూజ అయ్యేదాకా మా వైపు కొత్త బండిని బండి కింద లెక్కెయ్యరు. మొన్న రోహిణికార్తెలో, మిర్చియార్డుకి సెలవులిచ్చిన వారం, కమిషన్ వ్యాపారం చేసే మా మేనల్లుడు టర్బో కారు తెచ్చి నిలబెట్టాడు. పూజారి బానెట్ మీద స్వస్తిక్ వేశాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు చితికాయి. మా అక్క ఊరుకోక, పెట్రోలు పోసే చోటి మూత తెరిపించి దాని లోపలి వైపు కూడా ఓ బొట్టు పెట్టింది. అక్కణ్ణించి నేరుగా హైవే మీద బంకుకి పోతే, పైపు పట్టుకున్న కుర్రాడు పలికిన సూత్రమిది.

"ఏది కొట్టిద్దాం మావయ్యా?" అన్నాడు మేనల్లుడు. తెలుగు పండితుడిగా రిటైరైనవాణ్ణి. నాకు జవాబులు రావు, వ్యాఖ్యానాలొచ్చు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

ప్రతిపదార్థం: అన్నా = ఓ వాహనదారుడా (వయసుతో నిమిత్తం లేదు; నన్ను మాత్రం బాబాయ్ అన్నాడు); నార్మల్+ఆ = మామూలు పెట్రోలు కొట్టనా; పవర్+ఆ = లీటరుకి మరికొంత పెట్టి కొనేది కొట్టనా; జీరో = మీటరు మీది సున్నను; చూస్కో = చూసుకొనుము (తర్వాత నన్ననవద్దని ధ్వని).

విశేషం: 'పవర్' దగ్గర ఆగాలి. ఈ పేరు పెట్టినవాడెవడోగాని అలంకారశాస్త్రం చదివే ఉంటాడు. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం, అది లక్షణ. ఇదీ అంతే. లీటరు పవర్ పెట్రోల్లో లీటరు మామూలుదాని కన్నా శక్తి ఎక్కువేమీ ఉండదు. ఎక్కువుండేది ఓర్పు. ఎంత నొక్కినా, ఎంత వేడెక్కినా, స్పార్కు పడేదాకా అంటుకోకుండా ఆగే గుణం. పవరంతా ఆ ఓర్పుని వాడుకోగల ఇంజనుది.

ఓర్వలేని పెట్రోలు ఏం చేస్తుందంటే, సిలిండర్లో ఒక మూల నుంచి మంట పద్ధతిగా పాకి వస్తుండగానే ఇంకో మూల మిగిలింది తనంతట తాను భగ్గుమంటుంది. భజనలో అందరూ ఒక లయలో ఉండగా ఒకడు ముందే తాళం కొట్టినట్టు. అదే నాకింగు. రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వినబడుతుంది. రోళ్ళు పగిలే ఎండలో, ఏసీ పెట్టుకుని, గేరు తగ్గించకుండా ఫ్లైఓవరెక్కితే పాత బండ్లలో స్పష్టంగా వినొచ్చు.

ఆక్టేన్ అన్న పదం మనకి చుట్టమే. గ్రీకు 'ఆక్టో'కీ మన 'అష్ట'కీ పుట్టిల్లొకటి; ఎనిమిది కర్బన పరమాణువులున్నది ఆక్టేన్. ఏడున్నది హెప్టేన్, అంటే సప్త. 1920లలో అమెరికాలో కొలబద్ద కట్టినప్పుడు బాగా ఓర్చుకునే ఐసో ఆక్టేన్‌కి 100, బొత్తిగా ఓర్వలేని హెప్టేన్‌కి 0 ఇచ్చారు. 91 పెట్రోలంటే, 91 పాళ్ళు అష్టకం 9 పాళ్ళు సప్తకం కలిపిన మిశ్రమం ఎంత ఓరుస్తుందో అంత ఓరుస్తుందని.

పాఠాంతరం: "మా డాలస్‌లో 87 కొట్టిస్తాం, ఏమీ కాలేదు" అని మా బావమరిది ఫోన్లో అంటుంటాడు. అక్కడివాళ్ళు రెండు పరీక్షల సగటు రాస్తారు, మనం వాటిలో పెద్ద అంకె రాస్తాం. వాళ్ళ 87 ఇంచుమించు మన 91. ఒకటే సరుకు, కాటా వేరు.

పూర్వపక్షం: "అయితే 100ది కొట్టిస్తే ఇంకా లాగుద్దిగా మావయ్యా?" ఇండియన్ ఆయిల్ వాళ్ళు 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ పెట్రోలు దించారు నిజమే. కానీ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టన్న సామెత అక్షరాలా ఇక్కడిదే. కొత్త ఇంజన్లకి నాక్ సెన్సరని ఒక చెవి ఉంటుంది. నాకింగు వినబడగానే స్పార్కుని కాస్త వెనక్కి జరుపుతుంది, బండి మందగిస్తుంది. ఓర్పున్న పెట్రోలు పోస్తే మళ్ళీ ముందుకి జరుపుకుంటుంది. అందుకే గాలిని కూరి కూరి పంపే టర్బోకి, మిశ్రమాన్ని పన్నెండింతలకి పైగా నొక్కే డ్యూక్ 390 లాంటి బైకుకి పెద్ద అంకెతో పనుంది. ఆ చెవి లేని నా స్కూటరుకి ఎందుకు?

ఇక అసలు చిక్కు. మామూలు పెట్రోల్లో ఇప్పుడు ఇరవై పాళ్ళు ఇథనాల్. దాని ఆక్టేన్ 108 పైమాటే, అష్టోత్తరం! శివుడి గుడి పక్కన ఆ మాత్రం ఉండాలి. మన తెనాలి వైపు మొక్కజొన్న లాంటి పంటల నుంచే ఆ అష్టోత్తరం తీస్తున్నారు. అది కలిశాక మామూలుదే 95కి చేరిందని కేంద్రం 2025లో చెప్పింది. లీటరు ఇథనాల్లో వేడి మాత్రం పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ దగ్గర కొంత కోసుకుంటుంది. అంటే నార్మల్ తనే ఒకప్పటి పవర్ అంకె ఎక్కి కూర్చుంది. కుర్రాడి ప్రశ్నలో రెండు కొమ్ములూ ఒక ఎద్దువే.

శాస్త్రప్రమాణం వెతకాలి గదా. నేను మూత తెరిచాను. అక్క పెట్టిన కుంకుమ సరిగ్గా స్టిక్కరు మీదే పడింది. '95' కనబడుతోంది, పక్కన ఒక గీత. బొటనవేలితో తుడిస్తే గీత పక్కన 91 బయటపడింది. "91 నిత్యకర్మరా, చెయ్యకపోతే దోషం. 95 కామ్యకర్మ, ఫలం కావాలనుకున్నవాడికి," అన్నాను. మేనల్లుడు వంగి చదివాడు. ఇథనాల్ ఇరవైకి పనికొస్తుందన్న ముక్క కూడా పక్కనే ఉంది. వెనక మిర్చిబస్తాల ఆటోవాడు హారను మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు.

"నార్మల్ కొట్టు తమ్ముడూ, రెండు వేలకి."

'జీరో' పదానికి టీక ఇంకా మిగిలే ఉంది. శూన్యాన్ని చూడమన్న నాగార్జునుడి పేరు పెట్టిన విశ్వవిద్యాలయం ఇదే రోడ్డు మీద, విజయవాడ వైపు కాస్త ముందుకెళ్తే వస్తుంది. ఆ సంగతి ఎత్తుకుందామని తలెత్తి చూసేసరికి మీటరు మీద 740 తిరుగుతోంది. మూత చదివే హడావిడిలో జీరో మా ఇద్దరిలో ఎవ్వరం చూడలేదు.