పెట్టికి కన్నమెందుకు మేష్టారూ?

రామతీర్థం శివరాత్రి జాతరకి వచ్చినవాళ్లకి తెలుసు, ఇక్కడ కొండలు కూడా ఊరుకోవు. కింద జీళ్ల కొట్టువాడు మైకులో అరిచింది నీలాచలం రాతికి తగిలి, కాస్సేపాగి, మళ్లీ మన చెవిలోకే వస్తుంది. ఒకే ధర రెండుసార్లు చెప్పినట్టుంటుంది గానీ తగ్గదు. ఆ మైకుసెట్లు వింటూ పెరిగినవాణ్ణి. వాటికి గొంతుంటుంది, కడుపుండదు. ఆ ఇత్తడిరంగు బాకాల్లోంచి ఎంత పెద్ద పాటైనా జలుబు చేసినట్టే వస్తుంది. అందుకని రిటైరయ్యాక, చేతిలో నాలుగు డబ్బులు పడగానే, కడుపున్న పాట ఒకటి ఇంట్లో వినాలనిపించింది. కొన్న డబ్బా కాదు, నా చేత్తో చేసుకున్న సబ్‌వూఫర్ మీద.

విశాఖ డాబాగార్డెన్స్ దాకా వెళ్లి పది అంగుళాల డ్రైవరొకటి తెచ్చాను. డ్రైవరంటే బండి నడిపేవాడు కాదు, స్పీకర్ పెట్టెలో బిగించే ఆ గుండ్రటి శాల్తీ. కొట్లో కుర్రాడు దాన్ని రెండు చేతులతో ఎత్తి చూపించి, "పన్నెండొందల వాట్లు సార్, పీఎంపీఓ" అన్నాడు. మా ఇంటికి కరెంటాఫీసు వాళ్లు ఇచ్చిన లోడే ఒక కిలోవాట్. అంటే ఇది పాడితే ఊళ్లో సగం చీకటి. గర్వంగా ఇంటికి తెచ్చుకున్నాను.

విజయనగరంలో ఇంజినీరింగు చదువుతున్న మేనల్లుడు వచ్చి చూసి, "దీని కాగితమేది మావయ్యా?" అన్నాడు.

"గ్యారంటీ కార్డుందిరా."

"అది కాదు. ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్. ఈ మూడూ తెలీకుండా దీనికి పెట్టె కట్టడమంటే, మనిషిని చూడకుండా చొక్కా కుట్టడం. వాట్లు చూసి కొన్నావా? వాట్లు ఎంత తిండి తింటుందో చెప్తాయి, ఎలా పాడుతుందో చెప్పవు. అందులోనూ పీఎంపీఓ వాట్లకి లెక్కాపత్రం లేదు."

కొట్టువాడు వెనక్కి తీసుకోలేదు. ఆ పన్నెండొందల వాట్ల శాల్తీ ఇప్పుడు మా వడ్రంగి మేస్త్రీ దగ్గరుంది. కింద పడిన మేకులు ఏరడానికి అంత మంచి అయస్కాంతం తన సర్వీసులో చూడలేదంటాడు.

రెండోసారి కాగితంతో సహా వచ్చే డ్రైవరు తెప్పించాం. ఎఫ్ఎస్ 28 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.38, వీఏఎస్ 70 లీటర్లు. మొదటిది, డ్రైవరు ముందుండే కోను గాల్లో విడిగా ఉన్నప్పుడు ఏ లెక్కన ఊగడానికి ఇష్టపడుతుందో చెప్తుంది. రెండోది, ఊగడం మొదలెట్టాక ఎంత గట్టిగా పగ్గం పడుతుందో చెప్తుంది. ఈ అంకె పెద్దదైతే పగ్గం వదులని అర్థం. అలాంటిదాన్ని కన్నమున్న పెట్టెలో కూచోబెడితే పాటయిపోయినా గునుస్తూనే ఉంటుంది. మూడోది, కోను అంచుకున్న బిగువు ఎన్ని లీటర్ల గాలి బిగువుకి సమానమో చెప్తుంది. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ అనే ఇంజినీరు, తరవాత 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ అనే ఆయన ఈ లెక్కలన్నీ ఒక దారికి తెచ్చారట. అంతకుముందు పెట్టెలు కట్టినవాళ్లు చాలామంది కట్టి, విని, తిట్టుకుని, మళ్లీ కోసేవాళ్లు.

నేను ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి కుదరాలని ఎంతమంది పిల్లల చెవులు మెలిపెట్టానో లెక్కలేదు. మొదటి అక్షరమే మళ్లీ రానక్కర్లేదు, దానితో మైత్రి ఉన్నది వస్తే చాలు. డ్రైవరుకీ పెట్టెకీ కావలసింది అదే అని మా ఆవిడకి సంబరంగా చెప్పాను.

"మనకి ముప్పయ్యారు గుణాలకి ఇరవయ్యెనిమిది కలిశాయన్నారు. ఏటొరిగింది? మూడంకెలు కలిస్తే ఇదేటి పాడీస్తాదో సూద్దును" అని పప్పు తాలింపు పెట్టుకోడానికి వెళ్లిపోయింది.

మా మేనల్లుడు లెక్కేసి అరవై లీటర్ల పెట్టె, ముప్పై హెర్ట్జ్ శ్రుతి అన్నాడు. లోపలి కొలత ప్రతి పక్కా నలభై సెంటీమీటర్లు. అంటే అరవై నాలుగు లీటర్లు. డ్రైవరు వీపు, కన్నంలో బిగించే గొట్టం, మూలల్లో చెక్క ముక్కలు కలిసి నాలుగు లీటర్లు మింగేస్తాయి. పద్దెనిమిది ఎంఎం ప్లైవుడ్డు, ఫెవికాలు, స్క్రూలు తెచ్చి మేస్త్రీ ముందు పెట్టాను. ఆయన నన్ను మేష్టారంటాడు, నేనాయన్ని మేస్త్రీ అంటాను. తేడా అల్లా, ఆయన కట్టిన తలుపులు నలభై ఏళ్లయినా నిలబడే ఉన్నాయి, నేను చెప్పిన ఛందస్సు మర్నాటికే ఎవరికీ గుర్తులేదు.

ముందు పలక మీద రెండు వృత్తాలు గీసి ఇచ్చాను. పెద్దది డ్రైవరుకి, చిన్నది గొట్టానికి. మేస్త్రీ పెన్సిలు చెవి మీంచి తీసి, చిన్న వృత్తం మీద ఆన్చి అడిగాడు.

"పెట్టికి కన్నమెందుకు మేష్టారూ? ఎలకలు దూరవేటి?"

ఇలాంటి ప్రశ్న కోసమే మేష్టర్లు పుడతారు. "మన విజయనగరంలో సంగీత కళాశాల ఉందా, 1919లో పెట్టింది? ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1936లో దానికి ప్రిన్సిపాలయ్యారు. ఆయన వాయించిన ఫిడేలు మీద ఏముంటాయి? రెండు కన్నాలు! తీగల పక్కన మెలిక తిరిగి ఉంటాయే, అవి. అవి అందం కోసం కాదు. ఫిడేలు పొట్టలో గాలి ఆ కన్నాల దగ్గర ముందుకీ వెనక్కీ ఆడుతుంది, దాదాపు 270, 280 హెర్ట్జ్ దగ్గర. కింది తీగల స్వరాలకి ఆ నిండుదనం అక్కణ్ణించే. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బుయ్‌మని రావటంలేదూ? లోపలి గాలి స్ప్రింగు, మెడలో గాలి బరువు. హెల్మ్‌హోల్ట్జ్ అని జర్మనీ ఆయన ఎప్పుడో పందొమ్మిదో శతాబ్దంలో చెప్పాడు. స్పీకరు పెట్టెకి ఆ కన్నం పెట్టి అమెరికాలో థూరస్ అనే ఆయన 1932లో పేటెంటు కూడా పుచ్చుకున్నాడు. కోను వీపు చేసే చప్పుడు పెట్టెలో వృథా పోకుండా, ఈ కన్నం దాన్ని తిప్పి ముందుకి పంపిస్తుంది."

మేస్త్రీ అంతా శ్రద్ధగా విన్నాడు.

"ఫిడేలు గోడకి యేలాడతాది. ఇది నేలమీద ఉంటాది. ఎలక్కి అదీ ఇదీ ఒకటేటి మేష్టారూ?"

కన్నం కోశాడు. గొట్టం దగ్గర అసలు గొడవ వచ్చింది. నాలుగంగుళాల పీవీసీ పైపు ముప్పై తొమ్మిది సెంటీమీటర్లు కావాలని లెక్క. పెట్టె లోతు నలభై. అంటే గొట్టం లోపలి మూతికీ వెనక పలకకీ మధ్య మూడు సెంటీమీటర్లయినా ఉండవు. గాలి ఆడాలంటే అక్కడ కనీసం గొట్టం వెడల్పంత ఖాళీ ఉండాలి. నేను కాగితం తిరగేసి చూస్తున్నాను. మేనల్లుడికి పరీక్షలు, ఫోనెత్తడు. మేస్త్రీ గొట్టాన్ని ఓసారి ఎగాదిగా చూసి, "ఇంత పొడుగెందుకు బాబూ, కన్నానికి అంచు కడితే సాలదేటి" అని, బెత్తెడు కొలిచి కోసేశాడు. తరవాత టేపు పెడితే సరిగ్గా పది సెంటీమీటర్లు. నేను కూడా ఏమీ అనలేదు. కన్నం కన్నమే కదా అనుకున్నాను. అది నా తప్పు, మేస్త్రీది కాదు.

మొదటి రాత్రి పాట పెట్టాం. ఇళయరాజా. బేస్ గిటారు పైకి నడుస్తోంది, కిందికి నడుస్తోంది. మా పెట్టె మాత్రం ఎక్కడికీ నడవకుండా ఒక్కచోటే దుమ్ముదుమ్మంటోంది. పాట మార్చాం, అదే దుమ్ము. అటకమీద స్టీలు డబ్బాల మూతలు తాళం వేశాయి. "బాగానే ఉంది, దంపుడుపాట" అంది మా ఆవిడ. ఎదురింటివాళ్లు మాకు పిండిమర వచ్చిందనుకున్నారట.

పరీక్షలయ్యాక వచ్చిన మేనల్లుడు మూతి బిగించి, పూజ గూట్లోంచి అగరొత్తొకటి తెచ్చి వెలిగించాడు. గొట్టం మూతి దగ్గర పట్టుకుని, ఫోన్లోంచి ఒక్కో స్వరం పంపించాడు. డెబ్భై దగ్గర పొగ నిటారుగా వెళ్లింది. అరవై దగ్గర చిన్నగా వణికింది. యాభైకి వచ్చేసరికి తోసినట్టు గదిలోకి ఎగిరింది. అదే క్షణంలో కోను మీద వేలు పెట్టి చూడమన్నాడు. చప్పుడు గదంతా ఉంది, కోను మాత్రం దాదాపు కదలటంలేదు! పనంతా గొట్టం చేస్తోంది. "నీ శ్రుతి ముప్పై కాదు మావయ్యా, నలభై తొమ్మిది" అన్నాడు. ఇంకా కిందికి, ముప్పైకి పంపాడు. కోను ఒడ్డున పడ్డ చేపలా ఎగిరెగిరి కొట్టుకుంది, పాట లేదు. శ్రుతి కన్నా కిందికి వెళ్తే పెట్టెలో గాలి ఇక దాన్ని పట్టుకోదు, గాల్లో వదిలేసినట్టే. బేస్ గిటారు లావు తీగ 41 హెర్ట్జ్. అంటే ఆ తీగ మీటినప్పుడల్లా నా డ్రైవరు ప్రాణాలరచేత పెట్టుకుందన్నమాట.

"పెట్టె ముందు అగరొత్తులు వెలిగించీసారు. ఇంకేటి, కొబ్బరికాయ కూడా కొట్టండి" అని లోపల్నించి వినిపించింది.

మందు చాలా చవగ్గా దొరికింది. నెల్లిమర్లలో కుళాయి సామాన్లమ్మే కొట్లో ఎల్బో. బాత్రూం గొట్టానికి వాడే ఆ వంపే. గొట్టాన్ని కొంత వెనక్కి తీసుకెళ్లి, ఎల్బోతో పైకి తిప్పి, ఇంకో ముక్క తగిలిస్తే లోపల చోటు సరిపోతుంది. కొలత మాత్రం వంపు నడిమధ్య గీత వెంబడి తియ్యాలి, బయటి అంచు వెంబడి కాదు. పెట్టె ఫెవికాలుతో మూసేసి ఉంది కాబట్టి డ్రైవరు విప్పి, ఆ కన్నంలోంచి భుజం దాకా చెయ్యి దూర్చి, చెంప ప్లైవుడ్డుకి ఆన్చి బిగించాను. ఆ భంగిమలో ఉండగానే పెన్షను కాగితాల కోసం పోస్టుమాన్ వచ్చాడు. ఏమీ అడగలేదు.

ఈసారి అగరొత్తి పొగ ముప్పై దగ్గర ఎగిరింది. పాట పెట్టాం. బేస్ గిటారు మెట్లు దిగింది, ఒక్కొక్క మెట్టూ విడివిడిగా. అటక మీద డబ్బాలు నోరెత్తలేదు. మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి మొత్తం పాట వింది, ఏమీ అనలేదు. మాకు పెళ్లయి నలభై ఏళ్లు, అది మొదటిసారి.

ఓ మాట ఒప్పుకోవాలి. మా ఇంట్లో రోజూ మోగేది పొద్దున్నే ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం. ఆడవారి శ్రుతిలో తంబురా మంద్ర తీగే దాదాపు వంద హెర్ట్జ్ దగ్గరుంటుంది. ముప్పైకి దిగే నా పెట్టెకి అక్కడ పని తక్కువ. ఎక్కువ రోజులు అది కూడా నాలాగే పెన్షను మీద బతుకుతోంది. అయినా ఈ ఉబలాటం ఉన్నవాళ్లకి చెప్తున్నాను: కాగితం లేని డ్రైవరు కొనకండి, ముందు పెట్టె కట్టి తరవాత డ్రైవరు వెతకకండి, గొట్టం పొడుగుని బెత్తెడుతో కొలిపించకండి.

వానాకాలంలో ఓ వారం సుప్రభాతంలో ఏదో బరబర వచ్చింది. డ్రైవరు పోయిందనుకుని విప్పాను. లోపల పలకలకి అంటించిన దూదిని చీల్చి గూడు కట్టుకుని, ఎల్బో వంపు పక్కన, ఎలక ఐదు పిల్లల్ని పెట్టింది. గొట్టం మూతికి ఇనప జాలీ బిగించడానికి మేస్త్రీ వచ్చాడు. మాటాడలేదు. కూలి కూడా పుచ్చుకోలేదు.