వెనక గాలి

గాలి వెనక నుంచి తోస్తుంటే అది నా కాళ్ల సత్తా అనుకున్నాను. ఆ మే నెల మధ్యాహ్నం అచ్యుతాపురం జంక్షన్‌లో కూలబడేదాకా అలాగే అనుకున్నాను.

రాజమండ్రి నుంచి విశాఖకు తమ్ముడూ నేనూ రెండు రోజుల సైకిల్ ప్రయాణం పెట్టుకున్నాం. మొదటి రాత్రి అన్నవరంలో ఆగాం. వాడు అంతకుముందే 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా ముగించాల్సిన సైకిల్ ప్రయాణం, పూర్తిచేసినవాడు. దానికి గడువు పదమూడున్నర గంటలు. తిండి, విశ్రాంతి, పంక్చర్లు అన్నీ అందులోనే. ఆగిన సమయం కూడా కలిపి సగటున గంటకు పదిహేను కిలోమీటర్లు పడితే చాలని వాడు నేర్చుకున్నాడు. నాకూ చెప్పాడు. తమ్ముడి దగ్గర నేర్చుకోవడమేమిటని నా పెద్దరికం అడ్డొచ్చింది. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరదామని వాడంటే, దర్శనం చేసుకునే కదులుదామని పట్టుబట్టాను. కొండ దిగేసరికి తొమ్మిది దాటింది.

వేసవిలో మన తీరం వెంబడి గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. విశాఖ వైపు పోయేవాడికి వీపు మీద చెయ్యేసి నెట్టినట్టుంటుంది. తుని, పాయకరావుపేట, నక్కపల్లి ఇట్టే వెనకబడ్డాయి. మీటరు ముప్పై చూపిస్తోంది. ఉప్పేసిన మజ్జిగ తాగి పోదామని వాడంటే విసుక్కున్నాను. ఉత్త నీళ్లే తాగుతూ పోయాను.

నాకప్పుడు తెలియనిదొకటుంది. గాలి మనతోపాటే వస్తుంటే అది ఒంటికి తగలదు. ఎదురుగాలిలో కాళ్లు అలిసిపోతాయిగానీ చెమట ఆరుతుంది. వెనక గాలిలో శ్రమ తెలియదు, చెమట మాత్రం ఆరకుండా కారిపోతుంది. అసలే సముద్రపు ఉక్క. చర్మం కన్నా గాలే వేడిగా ఉన్నప్పుడు ఒంటిని చల్లార్చేది చెమట ఆరడమొక్కటే. నాకు ఆ ఒక్క దారీ మూసుకుపోతుంటే, హాయిగా ఉందనుకుంటూ ఇంకా గట్టిగా తొక్కాను.

యలమంచిలిలో హైవే వదిలి అచ్యుతాపురం రోడ్డు పట్టాలి. ఆ మలుపులో వాడి కోసం ఆగాల్సింది. ఆగలేదు. సంచిలో ఫోన్ మోగింది. వినబడలేదని తర్వాత వాడితో అన్నాను. వినబడింది. మళ్లీ మోగింది. వాడు వెనకబడ్డాడన్న సంతోషం నాలో ఉంది. దాన్ని ఇప్పటికీ మింగలేకపోతున్నాను.

అచ్యుతాపురం చేరేసరికి ఆ ఎండలో నాకు చలేసింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తల పగిలిపోతోంది, లారీల హారన్లు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. తాటిముంజెలమ్మే ఒకామె నన్ను చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి లాగింది. "ఏటి బాబూ, ఈ ఎండలో ఏటి నీకీ పని? కూకో" అంది. సెజ్‌లో షిఫ్టుకు పోయే ఆడపిల్లలు బస్సు కోసం నిలబడి ఉన్నారు. మెడలో కార్డు వేలాడుతున్న ఒకమ్మాయి తన సీసాలో నీళ్లన్నీ నా మెడ మీదా తల మీదా పోసేసింది. షిఫ్టంతా తాగడానికి తెచ్చుకున్న నీళ్లవి. ఆ అమ్మాయి పేరైనా అడగలేదు నేను.

గంటన్నర తర్వాత ట్రాలీ ఆటోలో సైకిలేసుకుని వాడొచ్చాడు. యలమంచిలి చేరకముందే టైరు పంక్చరయ్యిందట. ట్యూబూ పంపూ నా సంచిలో ఉన్నాయి. మోటారుసైకిల్ పంక్చర్లు వేసే షాపు దాకా నడిపించుకుపోతే, వాడి సన్నటి ప్రెస్టా వాల్వ్‌కి అక్కడి గాలి గొట్టం పట్టలేదు. పట్టడానికి వేసే చిన్న ఇత్తడి తొడుగు కూడా నా సంచిలోనే ఉంది. వాడు ఫోన్ చేసింది అందుకే.

నన్నేమీ అనలేదు. నుదుటి మీద చెయ్యేసి చూసి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు గుక్కగుక్కగా తాగించాడు. నా సంచి విప్పి ట్యూబు తీసుకుని నేల మీద కూర్చున్నాడు. తర్వాత అమ్మకు ఫోన్ చేసి, తన టైరు పంక్చరయ్యిందనీ అందుకే ఆలస్యమవుతుందనీ చెప్పాడు. నా సంగతి ఎత్తలేదు. ఇన్నేళ్లకు నేను చెబుతున్నాను.