మా రోజుల్లో ప్లస్సా, మైనస్సా అని అడిగేవాళ్లం

పెళ్లి వీడియో అడిగితే ఇప్పటి కుర్రాళ్లు ఫోన్‌కి ఒక లింకు పంపి చేతులు దులిపేసుకుంటున్నారు. అది తెరవడం అవతలివాళ్లకి వచ్చా, ఇంట్లో పెద్దావిడ టీవీలో చూసుకోగలదా అన్న ధ్యాసే లేదు. కొన్నాళ్లు పోయాక నొక్కితే ఆ లింకు తెరుచుకోదు. దీన్ని ఇవ్వడం అంటారా అబ్బాయ్?

మాది పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే కొట్టు. డిస్కు రైట్ చేసే ముందు పార్టీని కూర్చోబెట్టి అడిగేవాళ్లం. మీ ఇంట్లో ప్లేయర్ ఏదండీ, ఎప్పుడు కొన్నారు, రైట్ చేసిన డిస్కు ఇదివరకు అందులో ఎప్పుడైనా ఆడిందా? వియ్యాలవారికి ఎన్ని కాపీలు, వాళ్ల ఇంట్లో ఏముంది? షామియానా వాడి బాకీ ఇంకా తీరని పెళ్లికూతురి తండ్రి కూడా ఓపిగ్గా జవాబు చెప్పేవాడు. చెప్పకపోతే పదహారు రోజుల పండగనాడు చుట్టాలందరి ముందూ ప్లేయర్ మీద ‘నో డిస్క్’ అని పడుతుందని ఆయనకీ తెలుసు.

నీకు ఇదంతా వింతగా ఉంటుంది. డిస్కంటే డిస్కే కదా, ప్లస్ ఏంటి, మైనస్ ఏంటి అంటావు. చెబుతా విను. 1997లో పయొనీర్ వాళ్లు డీవీడీ మైనస్ ఆర్ తెచ్చారు, డీవీడీ ఫోరమ్ దాన్ని ఆమోదించింది. సోనీ, ఫిలిప్స్, హెచ్‌పీ లాంటివాళ్లు ఇంకో కూటమి కట్టి 2002లో డీవీడీ ప్లస్ ఆర్ అన్నారు. చేత్తో పట్టుకుంటే రెండూ కవల పిల్లలే. అదే సైజు, అదే 4.7 జీబీ, అదే ఊదారంగు మెరుపు. తేడా అంతా లోపలి గాడిలో ఉంది. తాను ఎక్కడుందో లేజర్‌కి తెలియాలి కదా, అందుకు మైనస్‌లో గాడుల మధ్య గట్టు మీద సన్న సన్న గుంటలు పెట్టారు. ప్లస్‌లో ఆ గాడినే సన్నగా వంకర్లు తిప్పి, ఆ వంకర్లలోనే చిరునామా రాశారు. ఇంత చిన్న విషయానికి లోకమంతా రెండు పార్టీలయింది.

మొదట్లో వచ్చిన ప్లేయర్లకి కంపెనీలో అచ్చయిన సినిమా డిస్కులు తప్ప ఇంకేమీ తెలియదు. డిస్కు మొదట్లో ‘నేను ఫలానా రకం’ అని ఒక గుర్తు ఉంటుంది. ప్లస్ ఆర్ గుర్తు చూడగానే కొన్ని పాత ప్లేయర్లు మొహం తిప్పేసుకునేవి. అలాంటి ఇంటికి మైనస్ ఆర్ ఇవ్వడమే క్షేమం. ప్లస్సే ఉంటే దానికీ ఒక ఉపాయం ఉంది. రైటర్ ఒప్పుకుంటే, రాసేటప్పుడే ఆ గుర్తుని మార్చి డీవీడీ రోమ్ అని పెట్టొచ్చు. అప్పుడు ప్లేయర్ దాన్ని అచ్చు డిస్కే అనుకుని నోరు మూసుకుని ఆడేది. మైనస్‌లో ఆ గుర్తు ఫ్యాక్టరీలోనే పడిపోతుంది కాబట్టి ఈ కిటుకు నడవదు. చెరిపి మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కు మాత్రం పెళ్లి ఇంటికి ఎప్పుడూ ఇవ్వకూడదు. మామూలు ఒక పొర డిస్కు లేజర్ వెలుగులో కనీసం 45 శాతం వెనక్కి కొడితే, ఆర్‌డబ్ల్యూ 18 నుంచి 30 శాతమే కొడుతుంది. రెండు పొరల సినిమా డిస్కు కూడా అంతే కొడుతుంది. అందుకని కొన్ని ప్లేయర్లు దీన్ని చూసి అదనుకుని, రెండో పొర కోసం వెతుకుతూ కూర్చునేవి.

పెద్ద పేరున్న ఖరీదైన ప్లేయర్లకే పెంకితనం ఎక్కువ. తక్కువ ధర చైనా ప్లేయర్ ఏ డిస్కు పెట్టినా ఆడేది. అందుకే కొట్టులో రెండు రకాల ప్లేయర్లూ ఉంచుకునేవాళ్లం. ఫైనలైజ్ చేయకుండా, అంటే రాత పూర్తయిందని డిస్కుని మూసేయకుండా, రైటర్‌లోంచి తీసేవాళ్లం కాదు. ఎంత తొందరైనా సరే. ఆ తర్వాత అంచులు పట్టుకుని ట్రేలో పెట్టి, జీలకర్ర బెల్లం దగ్గరా, తలంబ్రాల దగ్గరా, అప్పగింతల దగ్గరా ఆపి ఆపి చూసి, అక్కడ బొమ్మ గళ్లు గళ్లుగా విరగలేదని రూఢి చేసుకున్నాకే కవర్లో పెట్టేవాళ్లం.

పల్లెటూరి అమ్మమ్మగారింటికి ఇవన్నీ పనికిరావు. వాళ్లకి వీసీడీ కావాలి. ఒక్కో సీడీలో 80 నిమిషాలకి మించి పట్టదు, నాలుగు గంటల పెళ్లంటే మూడు సీడీలు. ఆ వీసీడీని డీవీడీ ప్లేయర్లో పెడితే అక్కడా తిరకాసే. తొలినాళ్ల డీవీడీ ప్లేయర్లలో కొన్నిటికి డీవీడీ చదివే ఎర్ర లేజర్ ఒక్కటే ఉండేది. సీడీ ఆర్ మీది రంగు పూత ఆ వెలుగుని మింగేసేది. కాబట్టి వీసీడీని సీడీ ఆర్ మీద రాస్తే ఆడదు, అదే సీడీ ఆర్‌డబ్ల్యూ మీద రాస్తే ఆడుతుంది! డీవీడీకి పనికిరాని ఆర్‌డబ్ల్యూ ఇక్కడ పనికొచ్చింది. ఇవన్నీ ఏ కాలేజీలోనూ చెప్పలేదు నాయనా, కొట్టులో కూర్చుని నేర్చుకున్నాం. ఇక అమెరికాలో ఉన్న అన్నగారికి పంపాలంటే అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో వేరే చేయాలి. మన పాల్ డిస్కుని అక్కడి ప్లేయర్లు చాలావరకు ఒప్పుకోవు.

ఆ రెండు కూటముల్నీ అప్పట్లో మేం తిట్టుకోని రోజు లేదు, నిజమే. 2002 చివర్లోనే సోనీ రెండు రకాలూ రాసే రైటర్ తెచ్చింది. తర్వాత అందరూ అదే దారి పట్టారు, ప్లేయర్లూ దారికొచ్చాయి. మోజర్‌బేర్ వాళ్లయితే సినిమా వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మారు. 2018లో ఆ కంపెనీ లిక్విడేషన్‌కి పోయింది. అన్నీ అన్నిట్లో ఆడటం మొదలయ్యాక సుఖపడ్డాం. ఆ సుఖంతోనే అడగడం మానేశాం. అవతలి ఇంట్లో ఏముందో, ఎవరు చూస్తారో, ఎలా చూస్తారో కనుక్కోవడం పనిలో భాగమని ఇప్పుడు ఎవరూ అనుకోవట్లేదు. దీన్ని అభివృద్ధి అంటే నేను ఒప్పుకోను, నువ్వు ఎన్ని చెప్పినా సరే.

సరే, నా మాట నచ్చకపోయినా ఒక్క పని చెయ్యి. మీ అమ్మానాన్నల పెళ్లి డిస్కులు బీరువాలో పట్టుచీరల కింద ఎక్కడో ఉంటాయి. రైట్ చేసిన డిస్కులో రంగు పూత ఎండకీ ఉక్కకీ మెల్లగా చెడిపోతుంది. సీడీ అయితే గీతలు పడకూడనిది కింది వైపు మాత్రమే కాదు, పేరు రాసిన పై వైపు ఇంకా జాగ్రత్త, ఎందుకంటే డేటా ఉన్నది ఆ పైపూత కిందనే. కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ ఉండట్లేదు గానీ, యూఎస్‌బీకి తగిలించే రైటర్లు ఇంకా దొరుకుతున్నాయి. ఒకటి కొను. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ డిస్కులన్నీ బయటికి తీసి, రెండు వేర్వేరు చోట్లకి కాపీ చేసి పెట్టు. వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యకు.