రెండు చక్రాల బాకీకి టీకా తాత్పర్యం

అవతారిక: లత్తేరిలో ఇంటిమీద ఒక గది వేసుకుందామని, తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన అయివారొకడు గుడియాత్తంలో ఒక బ్యాంకు మెట్లెక్కాడు. ఆ అయివారు నేనే. కౌంటర్లో పిల్లవాడు కంప్యూటర్ చూసి, "మీకు సిబిల్ సరిగా లేదు గదా అయివారూ" అని నా అప్పుల చరిత్ర రిపోర్టు, నాలుగు పేజీలు, చేతిలో పెట్టాడు. జన్మంతా పద్యాలకు ప్రతిపదార్థం చెప్పిన అలవాటు ఎక్కడికి పోతుంది? అక్కడే బెంచీ మీద కూర్చుని జేబులోంచి పెన్సిల్ తీశాను.

మూలము: టూవీలర్ లోన్. ఓనర్‌షిప్ ఇండివిడ్యువల్. డీపీడీ 000, 032, 061, ఎక్స్ఎక్స్ఎక్స్. స్టేటస్ రిటన్ ఆఫ్.

టీక: టూవీలర్ లోన్ = రెండు చక్రముల బండి నిమిత్తమైన ఋణము; ఇండివిడ్యువల్ = ఒక్కని నెత్తిమీదనే యున్నదై; డీపీడీ = గడువు దాటిన దినముల లెక్కయందు; 000 = తొలుత బుద్ధిగా కట్టబడినదై; 032, 061 = పిమ్మట ముప్పదిరెండు, ఆపైని అఱువదియొక్క దినములు బకాయిపడినదై; ఎక్స్ఎక్స్ఎక్స్ = ఆ మాసమున బ్యాంకు ఏ కబురును పంపనిదై; రిటన్ ఆఫ్ = పద్దునుండి కొట్టివేయబడెను. కట్టుట మానినవాడు "ఎవడు" అను కర్తృపదము అధ్యాహార్యము. ఆ కర్త నేనేనని కాగితము మతము. నాకు సైకిలు తప్ప తొక్కడం రాదు.

విశేషము: రిటన్ ఆఫ్ అంటే మాఫీ అనుకుని సంబరపడేవాళ్లున్నారు. రాదనుకున్న అప్పును బ్యాంకు తన ఆస్తుల లెక్కలోంచి తీసేసుకుంటుంది, అంతే. అడిగే హక్కు వదులుకోదు. కొంత కట్టించుకుని మిగతాది వదిలేస్తే దాని పేరు సెటిల్డ్. అదీ మచ్చే.

పాఠాంతరములు: అసలు రోగం ఇక్కడుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మా వైపు ఊళ్లు ఉత్తరార్కాటులోనే, అంటే ఇప్పటి తమిళనాడులోనే, ఉండిపోయాయి. మాకు ఇంటిపేర్లు లేక కాదు, పెళ్లి సంబంధం వస్తే మొదట అడిగేది అదే. కాగితాల మీద మాత్రం ఇక్కడి పద్ధతి: తండ్రి పేరులోంచి ఒక అక్షరం, ఆ తర్వాత మన పేరు. నా పేరు ఇక్కడ రాయను, రాసినా నేనే అని తేలదు. అదే ఇనీషియల్‌తో అదే పేరుగలవాళ్లు కాట్పాడి దాకా దొరుకుతారు. పైగా తమిళ లిపిలో ప, బలకు ఒకటే అక్షరం. క, గలకూ అంతే. అందులోంచి ఇంగ్లీషులోకి ఎక్కేసరికి ఒక బాలాజీ రెండుగా చీలుతాడు, ఇద్దరు బాలాజీలు ఒకటవుతారు. ఊరికే దిక్కులేదు: లత్తేరికి ఇంగ్లీషులో ఒక బోర్డు మీద రెండు టీలు, ఇంకో చోట టీ పక్కన హెచ్. పాన్ నంబరుంటే కొంత నయం. లేనిచోట పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోను కలిపి చూసి వీడే వాడని తేలుస్తారు. నా కాగితంలో చిరునామా వరకు నేనే. పుట్టిన తేదీ నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడిది. దానికి మాత్రం నాకు పెద్దగా అభ్యంతరం కలగలేదు.

మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత మల్లినాథసూరి, మన మెదకు సీమవాడు. డేటా ఎంట్రీలో ఆయన్ని కూర్చోబెట్టాల్సింది.

శంక: అప్పుల చరిత్ర రాసిపెట్టి, తప్పు అచ్చువేసిన ఆ సిబిల్ సంస్థే దిద్దేయవచ్చు గదా?

సమాధానము: వీల్లేదు. సంస్థ లేఖకుడు, మాతృక అప్పిచ్చినవాడి దగ్గరుంటుంది. వాడు అవునంటేనే లేఖకుడి కలం కదులుతుంది. 2005 నాటి చట్టం ప్రకారం దిద్దుబాటు అడగడం మన హక్కు. గడువు 30 రోజులు. అందులో 21 అప్పిచ్చినవాడివి.

శంక: దాటితే?

సమాధానము: రోజుకు 100 రూపాయలు మనకే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి రిజర్వు బ్యాంకు పెట్టిన నియమమిది. 21 రోజుల్లో జవాబివ్వకపోతే అప్పిచ్చినవాడు, వాడిచ్చినా దిద్దకపోతే సంస్థ. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు. ఇలాంటి సంస్థలు దేశంలో నాలుగు. జనం నోట నాలుగూ సిబిలే. ఏడాదికోసారి నాలుగు చోట్లా పూర్తి రిపోర్టు ఉచితం. నాలుగు ప్రతులూ తెప్పించి పక్కపక్కన పెట్టి చూడాలి. తాళపత్రాలకు ఆ పని చేసినవాళ్లను పరిష్కర్తలన్నాం, బిరుదులిచ్చాం.

తాత్పర్యము: ఎవడో బండి కొన్నాడు, రెండు మూడు నెలలు కట్టాడు, మానేశాడు. పేరు నాది. నేను పాన్, ఆధార్ నకళ్లు జతచేసి "ఈ అప్పు నాది కాదు" అని ఒక వాక్యం రాశాను. 27వ రోజున ఆ పంక్తి ఎగిరిపోయింది. గదికి ఇటుకలు దిగాయి.

వసూలు మనిషికి మాత్రం కొత్త ప్రతి అందినట్టు లేదు. పోయిన వారం కూడా ఫోన్ చేశాడు. బండి ఏ రంగని అడిగాను. ఎరుపన్నాడు.