అడ్మినిస్ట్రేటరు బావ

మా ఆమదాలవలసలో రైలు దిగేవాళ్లకి ప్లాట్‌ఫారం మీద కనబడే పేరు 'శ్రీకాకుళం రోడ్'. స్టేషను మా ఊళ్లో ఉంది, పట్టాలు మా ఊళ్లోంచి పోతున్నాయి, బయట టీకొట్టువాడూ మావాడే. పేరు మాత్రం పదీ పన్నెండు కిలోమీటర్ల అవతలున్న పట్నానిది. మా బావకి ఇది ఎప్పట్నుంచో కడుపుమంట. ఊరికి జరిగిన అన్యాయం ఇంట్లో జరగనివ్వకూడదనుకున్నాడో ఏమో, కంప్యూటరు కొన్ననాడే దాని మీద తన పేరు ఎక్కించుకున్నాడు. ఆ పేరు కింద 'కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్' అన్న బిరుదు చూసుకుని ఆ పూట అన్నం మారు వడ్డించుకున్నాడు.

బావ షుగర్ ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసినవాడు. అక్కడ నట్టు కావాలన్నా బోల్టు కావాలన్నా ఇండెంటు రాసి, పైవాడి చేత సంతకం పెట్టించి, బావ కళ్లజోడు తుడుచుకోవడం పూర్తయ్యేదాకా కిటికీ దగ్గర నిలబడాలి. ఆ ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది. చెరకు బళ్ల బారు లేదు, ఊరంతా కమ్ముకునే మడ్డి వాసనా లేదు. మిగిలిందల్లా బావ మొలతాడుకి వేలాడే తాళంచెవుల గుత్తి. అందులో సగానికి ఇప్పుడు తాళాలే లేవు. అలాంటి మనిషి చేతికి విండోస్ ఎక్స్‌పీ వచ్చింది.

అంతకుముందు పక్కింటి మేష్టారి దగ్గర విండోస్ 98 ఉండేది. అది పాస్‌వర్డు అడిగేది గానీ, ఎస్కేప్ మీట నొక్కితే నోరుమూసుకుని లోపలికి రానిచ్చేది. "అది తలుపేటి, గోనెపట్టా!" అని బావ తీసిపారేశాడు. ఎక్స్‌పీ అలా కాదు. 2001లో పుట్టి, మా ఊరికి ఇంకో నాలుగేళ్లకి చేరింది. ఇంటిల్లిపాదికీ తలో ఖాతా, ఒక్కో ఖాతాకి ఒక్కో బొమ్మ. బొమ్మల పంపకం బావే చేశాడు. తనకి చదరంగం పావులు. మా అప్పకి గులాబీరంగు పువ్వు. పిల్లలిద్దరికీ కలిపి ఒక ఫుట్‌బాలు. సెలవలకి వైజాగ్ నుంచి వచ్చిపోయే బామ్మర్దినైన నాకు పసుపు రంగు రబ్బరు బాతు. ఇరవయ్యేళ్లయినా ఆ బాతుని నేను మర్చిపోలేదు. నిజం చెప్పాలంటే ఇది రాయడానికి సగం కారణం ఆ బాతే.

తన పేరు కింద 'లిమిటెడ్ అకౌంట్' అని ఉండడం అప్ప కూడబలుక్కుని చదివింది.

"లిమిటెడ్ ఏటి? నేనేటి కంపెనీనా?"

"అంటే నీ హద్దుల్లో నువ్వుంటావని" అన్నాడు బావ.

ఆ రాత్రి బావ కంచంలో చేపముక్కలు హద్దుల్లో ఉన్నాయి. ఒకటి.

తరవాత విండోస్ 7 వచ్చేసరికి లిమిటెడ్ అన్న మాట పోయి, ఆ చోట 'స్టాండర్డ్ యూజర్' అని ఉంది. ఎక్కడో అమెరికాలో మైక్రోసాఫ్టువాళ్లు మార్చిన మాటని బావ తన లెక్కలో వేసుకున్నాడు. "చూసీవా, నీకు గ్రేడు పెంచాను" అని అప్పకి చెప్పాడు. అప్ప ఆ మాటకి రెండో చేపముక్క వెయ్యలేదు.

ఈ స్టాండర్డ్ మనిషికి కంప్యూటర్లో బతుకు బాగానే గడుస్తుంది. తన వాల్‌పేపరు తను మార్చుకోవచ్చు, తన పాస్‌వర్డు తను మార్చుకోవచ్చు, తన ఫైళ్లు తను చూసుకోవచ్చు. అందరికీ పనికొచ్చే ప్రోగ్రాము ఎక్కించాలన్నా, ఇంకొకరి ఫోల్డర్లో తల దూర్చాలన్నా, ఆఖరికి గడియారంలో తేదీ మార్చాలన్నా అడ్మినిస్ట్రేటరు రావాలి. బావకి ఇంతకన్నా ఏం కావాలి? ఒక రూళ్ల పుస్తకం కుట్టించాడు. ప్రోగ్రాము పేరు, కావలసిన కారణం, కోరినవారి సంతకం. మా మేనల్లుడు కారణం గడిలో 'ఆడుకోవడానికి' అని రాస్తే, అది కారణం కాదని తిప్పి పంపాడు. వాడు 'విజ్ఞానము' అని రాసి మళ్లీ పెట్టాడు. మంజూరైంది. కార్ల రేసు.

మంజూరయ్యాక జరిగే తంతు వేరు. మేడ మీద ఉంటే కిందికి దిగాలి, కంప్యూటరు మీద కప్పిన పొందూరు ఖద్దరు తువ్వాలు మడతపెట్టాలి, కుర్చీ ముందుకు జరపాలి. అప్పుడు ఆజ్ఞ: "అందరూ గోడవైపు తిరగండి." తిరిగేవాళ్లం. కేలెండరులో తిథులు చదువుకుంటూ నిలబడేవాళ్లం. వెనక బావ చూపుడువేలు ఒక్కటే మీటల మీద సుత్తిలా పడేది. ఇంటికొచ్చిన చుట్టాలకీ మినహాయింపు లేదు. ఒకసారి పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు కూడా తిరిగారు.

ఇంత కాపలా కాసే మనిషి చేసే తప్పు ఒకటుంది. స్టోర్సులో ఉన్నన్నాళ్లూ బావ గది తాళం తీసి, సరుకు ఇచ్చి, వెంటనే తాళం వేసేవాడు. స్టోర్సులోనే మంచం వేసుకుని పడుకున్నవాడు కాదు. కంప్యూటర్లో మాత్రం సరిగ్గా ఆ పనే చేశాడు. పేపరు చదవడం అడ్మినిస్ట్రేటరు ఖాతాలో, పేకాట అందులోనే, ఎవరో పంపిన అడ్డమైన లింకు నొక్కడమూ అందులోనే. ఏ మనిషికైనా, ఏ ప్రోగ్రాముకైనా చేతిలో పనికి ఎంత అవసరమో అంతే అధికారం ఇవ్వాలని సాల్ట్జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే రాసి పెట్టారు. బావకి వాళ్లు తెలియరు. తెలిసినా, "అది మీలాంటోళ్లకి రాసుంటారు" అనేవాడు.

ఎక్స్‌పీ రోజుల్లో బావ ఒకనాడు ఉచితంగా జాతకచక్రం వేసే సాఫ్ట్‌వేరు దింపుకున్నాడు. ఇండెంటు లేదు, సంతకం లేదు, అధికారి తనే కదా. జాతకచక్రం రాలేదు గానీ, దాని వెంట చుట్టాల్లా నాలుగు టూల్‌బార్లు వచ్చి బ్రౌజరులో సగం ఆక్రమించాయి. జూదం ప్రకటనలు వాటంతటవే తెరుచుకునేవి. అదే పని అప్ప తన గులాబీ పువ్వు ఖాతాలో చేసుంటే 'నీకు హక్కు లేదు' అని కంప్యూటరే అడ్డం పడేది. ఒకవేళ ఏదైనా దూరినా ఆమె గది వరకే. అధికారి చేశాడు గనక ఇల్లంతా తగిలింది. ఆ టూల్‌బార్లకి కూడా బావ అధికారమే వచ్చింది మరి. బాగుచెయ్యడానికి పిలిచింది ఎవర్ని? బాతుని.

2007లో వచ్చిన విస్టా నుంచి మైక్రోసాఫ్టు ఒక ఉపాయం పట్టింది. అడ్మినిస్ట్రేటరు కూడా మామూలు మనిషిలాగే తిరుగుతాడు. పెద్ద పని వచ్చినప్పుడు తెర మసకబారి, నిజంగానే చెయ్యమంటావా అని ఒక పెట్టె అడుగుతుంది. ఒప్పుకుంటేనే, ఆ ఒక్క పనికే, పూర్తి అధికారం. తొందరపడి నొక్కేవాడి చెయ్యి పట్టుకుని ఆపడానికి చేసిన ఏర్పాటు అది. బావకి మాత్రం అది దండం పెట్టినట్టు కనిపించింది. "చూసీవా, నన్నే అడుగుతున్నాది" అని మురిసిపోయి, ఏం అడుగుతోందో చదవకుండా 'ఎస్' నొక్కేవాడు. ఎదురొచ్చి నమస్కారం పెట్టినవాడిని, నువ్వెవడివని అడిగితే మర్యాద కాదు కదా.

మేనకోడలి ఎంసెట్ ఏడాది బావ కాశీ వెళ్లాడు. ఆ వారమే ఇక్కడ కరెంటు పోయింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని అదే మోస్తుంది. అది ఎప్పుడో చచ్చిపోయి ఉంది. కరెంటు వచ్చాక చూస్తే కంప్యూటరు 2009 జనవరికి వెళ్లి కూర్చుంది. ఏ వెబ్‌సైటు తెరిచినా దాని భద్రతా పత్రం ఇంకా పుట్టనే లేదంటుంది. హాల్‌టికెట్ దించుకోవాలి. తేదీ మారిస్తే చాలు. తేదీ మార్చాలంటే అడ్మినిస్ట్రేటరు కావాలి. అడ్మినిస్ట్రేటరు రైల్లో ఉన్నాడు.

"నాన్నా, పాస్‌వర్డు చెప్పు."

"ఫోన్లో చెప్పీదేటి? పక్కన జనమున్నారు."

"మెసేజ్ పెట్టు."

"రాత మరీ ప్రమాదం. నాలుగు రోజులు ఆగు, నేనొచ్చి కొట్టీస్తాను."

పరీక్ష మూడు రోజుల్లో ఉంది. ఆ పిల్ల మిట్టమధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటూ స్టేషను రోడ్డులో నెట్ సెంటరుకి పోయి, పది రూపాయలిచ్చి కాగితం తెచ్చుకుంది. నెట్ సెంటరు కుర్రాడు ఇంకో మాట కూడా చెప్పి పంపాడు. కంప్యూటరు వెలుగుతుండగానే ఒక మీట నొక్కి బయోస్‌లోకి వెళ్తే తేదీ అక్కడే మార్చుకోవచ్చట, విండోస్ పాస్‌వర్డుతో పనే లేదట. ఈ ముక్క బావకి ఎవరూ చెప్పలేదు. కాశీ తీర్థం పుచ్చుకుని వచ్చినవాడికి అలాంటి మాటలు చెప్పకూడదు.

ఇదంతా రాస్తున్న నేనేమైనా తక్కువ తిన్నానా అంటే, లేదు. నా లాప్‌టాప్‌లో చాలాకాలం ఒకటే ఖాతా, అదీ అడ్మినిస్ట్రేటరుది. తెర మసకబారిందంటే బొమ్మ పూర్తిగా పడకముందే నా వేలు 'ఎస్' మీద ఉంటుంది. మొన్న మా ఆవిడకి వేరే ఖాతా తెరుస్తుంటే, ఖాతా రకం ఏమిటని అడిగిన చోట నా చెయ్యి దానంతటదే స్టాండర్డ్ దగ్గర ఆగింది. ఎందుకని ఆవిడ అడిగితే "భద్రత కోసం" అన్నాను. ఆవిడ మా అప్పలా చేపముక్కల భాషలో మాట్లాడదు. "మరి మీకెవరిచ్చారు?" అంది. ఆ ప్రశ్న మా బావని ఇరవయ్యేళ్లలో ఎవరూ అడగలేదు.

పోయిన సంక్రాంతికి ఆమదాలవలస వెళ్లాను. కొత్త ప్రింటరు కొన్నారు. దాన్ని ఎక్కించాలి. బావకి ఇప్పుడు మోకాళ్ల నెప్పులు, అయినా మేడ మెట్లు ఒక్కొక్కటీ దిగి వచ్చాడు. తువ్వాలు మడిచాడు. "అందరూ గోడవైపు తిరగండి." పెళ్లయిన మేనకోడలు, దాని మొగుడు, అప్ప, నేను, అందరం కేలెండరుకేసి తిరిగాం. వెనక సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. బావకి ఒక అలవాటుంది. ఏ అక్షరం కొడుతున్నాడో అది లోలోపల అనుకుంటాడు. లోలోపల అని అతని నమ్మకం. వంటింటి దాకా వినబడుతుంది.

"పెద్ద సీ... హెచ్... ఐ... సీ..."

ఇంగ్లీషువాళ్లు శ్రీకాకుళానికి పెట్టిన పాత పేరు అది, చికాకోల్. స్టేషను బోర్డు మీద మా పేరు మింగేసిన ఊరి పేరే తెచ్చి మా ఇంటికి తాళం చేసుకున్నాడు మహానుభావుడు. దాని వెనక నాలుగంకెలున్నాయి, చెప్పను. మా జిల్లా ఏ ఏట పుట్టిందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

పక్కకి చూశాను. అప్ప పెదవులు కదులుతున్నాయి. బావ కన్నా ఒక అక్షరం ముందుంది.

"నీకు తెలుసా?" అన్నాను గుసగుసగా.

"ఎక్స్‌పీ నాటినుంచీ తెలుసు."

"మరి ఆ ఎంసెట్ అప్పుడు? పిల్లని ఎండలో తోలీసావు కదే!"

అప్ప కేలెండరు మీంచి చూపు తిప్పలేదు. "పది రూపాయలతో పోయీదానికి పాస్‌వర్డు చెప్పీస్తే, కాశీనుంచి వచ్చినాక మీ బావకి ఇంట్లో పనేటుంటాదిరా?"

వెనక సుత్తి ఆగింది. బావ ఎక్కడో తడబడ్డాడు. అప్ప దగ్గినట్టుగా "ఓ" అంది. సుత్తి మళ్లీ సాగింది.

"అయిపోయింది, తిరగండి" అన్నాడు బావ.

తిరిగాం.